వెంట్రుకవాసి సందు

పెట్రోలు గొట్టం ఊడదీసి, దాని మూతికి గుడ్డపీలిక చుట్టి, రొట్టెలాయన మోటారు సైకిలు ట్యాంకును రెండు చేతులతో ఎత్తి పక్కన పరిచిన గోనెసంచీ మీద దించాడు. ఒళ్ళో నిద్రపోయిన చంటిపిల్లను పక్క మీదకు మార్చేటప్పుడు ఎంత జాగ్రత్త పడతారో అంత జాగ్రత్తా పడ్డాడు. దించాక మాత్రం వెంటనే నడుం ఎత్తలేకపోయాడు. వంగినవాడు వంగినట్టే ఉండి, సిమెంటు నేల మీద తన నీడను చూసుకుంటూ కాస్సేపు ఊపిరి తీసుకున్నాడు.

తెల్లవారినప్పటి నుంచీ అదే వరస. గుండెల మీద ఎవరో నిండు రొట్టెల ట్రే దించి, తీసుకోవడం మరిచిపోయి వెళ్ళినట్టుంది.

వంటింటి వెనక, ఇంటి గోడకూ ప్రహరీకీ మధ్య ఒక మనిషీ ఒక మోటారు సైకిలూ ఒకళ్ళనొకళ్ళు తోసుకోకుండా పట్టే నడవ అది. పైన రేకు. కింద, బండి నిలిపే చోట, ఏళ్ళ తరబడి కారిన నూనె మరక. ఎంత తుడిచినా పోదు. ఆ మరక ఏటేటా పెరిగి వంటింటి గడప దాకా వచ్చింది. ఇంకో పదేళ్ళుంటే పొయ్యి దగ్గర పీట వేసుక్కూర్చుంటుందని ఆయన భార్య అనేది.

"ఏమండీ! ఆ ట్యాంకుతో ముద్దుమురిపాలు అయ్యాయా? టీ చల్లారిపోయింది," అంది ఆమె కిటికీలోంచి.

మాటలు ఆయనకు సరిగ్గా అందలేదు గానీ గొంతులోని ఎత్తిపొడుపు అందింది. తల ఊపాడు. చెవులు చెడ్డవాళ్ళకు మాటకన్నా ముందు దాని రుచి తెలుస్తుంది.

ఆయన చెవులు పోయింది ఈ బండి వల్ల కాదు. కుర్రతనంలో డబ్బామూతలు కొట్టే కార్ఖానాలో పనిచేశాడు. ఆ ప్రెస్సు దబ్‌మని దిగితే పక్క వీధిలో పిల్లి గర్భం జారిపోయేదని చెప్పుకునేవారు. పిల్లి సంగతి నిజమో కాదో, రొట్టెలాయన చెవుల సంగతి మాత్రం నిజం. సన్నటి చప్పుళ్ళు ముందు పోయాయి. మొదట పిచ్చుకలు రావడం మానేశాయనుకున్నాడు. తరవాత పాలు పొంగే చప్పుడు పోయింది. ఆ తరవాత భార్య గాజుల చప్పుడు పోయింది. ఆమె గాజులు తీసేసిందేమోనని ఒకనాడు చెయ్యి పట్టుకుని చూశాడు కూడా. "ఏమిటీ కొత్త వేషాలు?" అని ఆమె సిగ్గుపడింది. ఆయన కారణం చెప్పలేదు. ఆ సిగ్గును అలాగే ఉండనిచ్చాడు.

కార్ఖానా వదిలాక బేకరీలో కుదిరాడు. చీకటి విడకముందే రొట్టెల ట్రేలు బండి వెనక కట్టుకుని దుకాణాలన్నింటికీ వేసిరావడం పని. ఎండాకాలం, వానాకాలం తేడా లేదు. ఆ బండి చప్పుడు వింటే తప్ప ఆ వీధులు నిద్ర లేచేవి కావు. ఒకసారి ఆయనకు జ్వరమొచ్చి పడుకుంటే వీధి వీధంతా పొద్దెక్కేదాకా లేవలేదట. అంతెందుకు, ఓ ఇంట్లో దొంగతనానికి వచ్చిన దొంగ, రొట్టెల బండి వెళ్ళగానే బయటపడదాంలే అని సోఫాలో కాస్త ఒరిగి, అలాగే నిద్రపోయి, ఇంటివాళ్ళు కాఫీ కలిపేవేళకు దొరికిపోయాడట. ఆ ఇల్లు ఎవరిదని అడిగితే మాత్రం ఒక్కొక్కరు ఒక్కో ఇల్లు చూపిస్తారు.

ఇప్పుడు ఆ చప్పుడుతో పని లేకపోయింది. బేకరీ యజమాని వ్యాను కొన్నాడు. "నువ్వు డ్రైవరు పక్కన కూర్చో, దుకాణాలు చూపించు, చాలు. ఇన్నేళ్ళు మోశావు," అన్నాడు. మంచిగానే అన్నాడు. రొట్టెలాయన తల ఊపాడు. డ్రైవరుకు దారి తెలిసేదాకా తన అవసరం ఉంటుంది. ఆ డ్రైవరు తెలివైనవాడిలాగే కనిపించాడు.

బండి బావమరిదికి వెళుతోంది. బావమరిది తాళాలు బాగుచేస్తాడు. ఇళ్ళ తాళాలు, బీరువాల తాళాలు, తాళం చెవి బావిలో పడేసుకున్నవాళ్ళ తాళాలు. పనిమీద ఊరంతా తిరగాలి. సాయంత్రం వచ్చి తీసుకెళతానన్నాడు.

అందుకే ఈ పని ఇవాళే అయిపోవాలి. ఇంజను రాత్రంతా చల్లారింది. వాల్వుల సందు చల్లటి ఇంజనుకే చూడాలి, వేడి మీద చూస్తే అంతా తప్పే. ఇంజను తల విప్పి ఉండగా బావమరిది వస్తే ఏం చేస్తాడో రొట్టెలాయనకు తెలుసు. దాన్ని తోసుకుపోయి వీధి చివర మెకానిక్కు చేతిలో పెడతాడు. ఆ మెకానిక్కుకు తెలిసిన వైద్యం ఒకటే, చప్పుడు వినపడకుండా బిగించెయ్యడం. బండి నెలలోపు కాలి కూర్చుంటుంది.

గుండెల మీది ట్రే సంగతి భార్యకు చెప్పకపోవడానికీ అదే కారణం. చెబితే ఆ క్షణాన చేతిలోంచి పానా లాక్కుంటుంది. చొక్కా మార్పించి డాక్టరు దగ్గరికి ఈడ్చుకుపోతుంది. ఆ డాక్టరు వీపు తట్టి, నాలుక చూసి, సాయంత్రం దాకా కూర్చోబెడతాడు. పని అయ్యాక చెబుదాం అనుకున్నాడు. చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగి పక్కన పెట్టాడు.

ప్లగ్గు ఊడదీశాడు. ఇంజను తల మీద, ముందొకటీ వెనకొకటీ ఉన్న గుండ్రటి మూతలు రెండూ విప్పాడు. లోపల నూనెలో తడిసి మెరుస్తూ రెండు ఇనుప చేతులు. అవి కిందికి ఊగి నొక్కితే వాల్వులు తెరుచుకుంటాయి, వదిలితే మూసుకుంటాయి. ఆ చేతికీ వాల్వు కాడకూ మధ్య వెంట్రుకవాసి సందు ఉండాలి. ఎక్కువైతే టకటకా కొట్టుకుంటుంది. తక్కువైతే చప్పుడు చెయ్యదు. ఇంజను వేడెక్కి ఇనుము సాగినప్పుడు వాల్వు పూర్తిగా మూసుకోదు, మంట దాని అంచును కొద్దికొద్దిగా తినేస్తుంది. బయటికి ఏమీ తెలియదు. బండి పైకి బుద్ధిమంతురాలిలా నడుస్తూనే ఉంటుంది.

పక్క మూత విప్పి, పానా వేసి, ఇంజనును చేత్తో మెల్లగా తిప్పాడు. ఎక్కడ ఆపాలో చెప్పే గీత చిన్న కిటికీలో కనిపించింది. ఆపాడు. ఇనుప చేతుల్ని వేళ్ళతో కదిపి చూస్తే రెండూ బిగుసుకుని ఉన్నాయి.

అరె, ఇంతగా ఎలా బిగిశాయి అనుకున్నాడు. నట్టుకు పానా వేశాడు. సగం వదులు చేశాక ఆగిపోయాడు.

ఆ గీత కిటికీలోకి రెండుసార్లు వస్తుంది. ఒకటి నిజంది, ఇంకోటి మాయది. మాయగీత దగ్గర వాల్వులు ఓరగా తెరిచి ఉంటాయి, అప్పుడు చేతులు బిగిసే ఉంటాయి. ఇంకో చుట్టు తిప్పాలి. ఈ సంగతి ఆయన నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. పొరుగు కుర్రాళ్ళకు తిట్టి మరీ నేర్పాడు. అలాంటిది ఇవాళ మాయగీతకు మోసపోయాడు.

నట్టు మళ్ళీ బిగించి, పానా కింద పెట్టి, బోర్లించిన రొట్టెల ట్రే మీద కూర్చున్నాడు. ప్లాస్టిక్కు ట్రే, ఒక మూల విరిగింది. బేకరీవాళ్ళు పారేస్తే తెచ్చుకున్నాడు. చెమట మెడ మీంచి జారింది. చల్లటి చెమట.

"ఇదిగో, ఇవాళ ఉక్కపోతగా ఉంది కదూ?" అన్నాడు గట్టిగా.

ఆమె కిటికీలోంచి చూసింది. "నాకేం లేదే. గాలి వస్తోందిగా," అంది. మళ్ళీ కూరలు తరుగుతూ, "మీకు బండి మీద బెంగ పట్టుకుంది. ఆడపిల్లని పంపుతున్నట్టు మొహం పెట్టారు. ఎక్కడికి పోతుందండీ, నా తమ్ముడి దగ్గరికేగా," అంది.

ఆయన నవ్వాడు. బెంగ అనుకుంటే అదే నయం.

లేచి ఇంకో చుట్టు తిప్పాడు. గీత వచ్చింది. ఈసారి ఇనుప చేతులు వేళ్ళకు టిక్కుటిక్కుమని కదిలాయి. సందు కొలిచే రేకుల గేజి విప్పి, వెనక వాల్వుకు పల్చటి రేకు దూర్చాడు. ఆ రేకు కదలిక ఎలా ఉండాలో ఆయనకు ఒక కొలత ఉంది. తాజా రొట్టెలో కత్తి అతుక్కుంటుంది. మొన్నటి రొట్టెలో కత్తి ముక్కలు రాలుస్తూ పోతుంది. నిన్నటి రొట్టెలో మాత్రం పట్టీ పట్టనట్టు దిగుతుంది. రేకు నిన్నటి రొట్టెలో కత్తిలా కదలాలి. కదిలింది. వెనకది ముట్టుకోవలసిన పని లేదు.

ముందు వాల్వు పొగ పోయేది. ఎక్కువ కాలేది అదే. దానికి ఒక పిసరు మందం రేకు. రేకు దూరనే లేదు. సందు దాదాపు మూసుకుపోయింది. మంచి వేళకే విప్పాననుకున్నాడు. నట్టు వదులు చేసి, స్క్రూ గాడిలో స్క్రూడ్రైవరు పెట్టి కొంచెం తిప్పాడు. రేకు నిన్నటి రొట్టెలా కదిలింది. ఇక స్క్రూను ఎడంచేత్తో కదలకుండా పట్టుకుని, కుడిచేత్తో నట్టు బిగించాలి.

బిగించాడు. ఎడంచెయ్యి ఆగలేదు. నట్టుతో పాటు స్క్రూ తిరిగిపోయి రేకు లోపలే ఇరుక్కుంది. మళ్ళీ వదులు చేశాడు. మళ్ళీ అంతే. ఎడంచెయ్యి తనది కానట్టుంది, తలకింద పెట్టుకుని పడుకుంటే తిమ్మిరెక్కినట్టు. దాన్ని దులిపి, తొడ మీద కొట్టుకుని, ఇంకోసారి పట్టాడు. వేళ్ళకు స్క్రూడ్రైవరు పిడి ఆనుతోందో లేదో కూడా తెలియలేదు.

స్క్రూడ్రైవరు గాడిలోనే వదిలి, వంటింటి కిటికీ వైపు తిరిగాడు.

"ఇదిగో, ఒకసారి ఇలా రా."

ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఇప్పుడే పిలిచారేం? ఇంకా స్టార్టు చెయ్యలేదుగా."

ఆమె మాటలో న్యాయం ఉంది. ఈ పనిలో ఆమె వంతు చివర్న వస్తుంది. ఆయన చెవులు పోయాక ట్యాపెట్ల చప్పుడు, అంటే ఆ వాల్వుల టకటక, వినడం ఆమె పని. ఒకనాడు ఆయన ఇంటికి వస్తే, "ఏమిటండీ, మీ బండి పొట్టు తీయని గింజలు నములుతోంది?" అంది. ఆయనకేమీ వినపడలేదు. అప్పుడు పొడుగు స్క్రూడ్రైవరు మొన ఇంజను తలకు ఆనించి, కర్రపిడి ఆమె చెవికి ఆనించి, ఎలా వినాలో నేర్పాడు. అప్పటి నుంచీ బండికి వైద్యం ఆయనది, నాడి చూడడం ఆమెది. ఆమె రోగాలకు పేర్లు కూడా తనే పెట్టుకుంది. గింజలు నమలడం, పళ్ళు కొరకడం, పెద్దమ్మ దగ్గు. అన్నీ సరిగా ఉంటే కుట్టుమిషను.

కానీ స్క్రూ పట్టుకోమని ఆయన ఏనాడూ పిలవలేదు.

"దీన్ని కదలకుండా పట్టుకో. నేను నట్టు బిగిస్తాను."

"నేనా? నా చేతులకు ఉల్లిపాయ కంపు, మీ ఇంజను ఏడుస్తుందేమో." అంటూనే రెండు చేతులతో పిడి పట్టుకుంది. ఆయన కుడిచేత్తో నట్టు బిగించాడు. ఆమె ముంజేతులు బిగుసుకున్నాయి, గాజులు పైకి జరిగాయి. స్క్రూ ఇసుమంత కూడా కదల్లేదు.

రేకు లాగి చూశాడు. నిన్నటి రొట్టె.

"నీ చెయ్యి బాగుంది," అన్నాడు.

"ఇన్నేళ్ళు మీ చెయ్యి ఏమైందట మరి?" అంది. అని, ఆయన మొహం కాస్త పరీక్షగా చూసింది. "అలా పాలిపోయారేం? రాత్రి నిద్ర పట్టలేదా?"

"పట్టింది. అలిసిపోయానంతే."

ఆ మాట ఆ ఇంట్లో కొత్తదేమీ కాదు. రోజూ చెప్పులు విడుస్తూ అనే మాటే. అందుకే ఆమె దాన్ని రోజూలాగే విని, "అన్నం తిని నడుం వాల్చండి," అని వెళ్ళిపోయింది.

అన్నం రెండు ముద్దలు తిన్నాడు. నడుం వాల్చలేదు. మూతలు బిగించాడు, ప్లగ్గు పెట్టాడు. ట్యాంకు ఎత్తడానికి మళ్ళీ ఆమెను పిలిచాడు. చెరో వైపు పట్టుకుని ఎత్తారు. పాత గుడ్డతో బండినంతా తుడిచాడు. వెనక ట్రేలు కట్టే ఇనుప చట్రం మాత్రం విప్పి గోడకు ఆనించాడు. తాళాలవాడికి ట్రేలతో ఏం పని? ఒక్కొక్క నట్టుకూ ఒకసారి కూర్చున్నాడు.

ఎండ ప్రహరీ ఎక్కే వేళకు బావమరిది ఊడిపడ్డాడు. నడుముకు తాళంచెవుల గుత్తి, నోట్లో మాటల గుత్తి.

"అక్కా, టీ పెట్టు. బావా, పెళ్ళికూతురు తయారేనా?"

"బావకి వినపడేలా అఘోరించరా," అంది ఆమె లోపల్నించి.

"మంచిమాటలు బావకి వినపడవు, డబ్బామూతలు మింగేశాయి," అని నవ్వి, బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. "చప్పుడు లేకుండా బిగించావా లేదా? అది చెప్పు. మా పని అసలే అనుమానం పని. ఎవడింటికో తాళం తియ్యడానికి వెళతాను. బండి టకటకలాడుతూ వీధి వీధినీ లేపితే, దొంగొచ్చాడని నన్నే కట్టేస్తారు."

"నువ్వే కొట్టు," అన్నాడు రొట్టెలాయన, కిక్కు రాడ్డు చూపిస్తూ.

"నేనా? నీ బండికి కాలు తగిలితే చంపేస్తావుగా!"

"ఇక నీదేగా."

బావమరిది కొట్టాడు. ఇంజను అందుకుంది. ఆమె టీ గ్లాసు గట్టు మీద పెట్టి, ఎవరూ చెప్పకుండానే స్క్రూడ్రైవరు తీసుకుని వంగింది. మొన ఇంజను తలకు, పిడి చెవికి. కళ్ళు మూసుకుంది. ఆ కొద్దిసేపూ ఆమె మొహంలో ఒక డాక్టరమ్మ వచ్చి కూర్చుంటుంది. రొట్టెలాయన ఇంజనును చూడలేదు. ఆమె మొహాన్నే చూశాడు.

"వెనకది కుట్టుమిషను," అంది. ముందుకు జరిపి వింది. "ఇదీ కుట్టుమిషనే. కాస్త గొంతు పెద్దది."

"అదిగో, గొంతు!" అన్నాడు బావమరిది. "నాక్కూడా వినపడుతోంది, టిక్కు టిక్కు. ఆ ఒక్కటీ ఇంకో పావు చుట్టు బిగించు బావా. నోరు మూసుకుని పడుంటుంది, నీలాగా."

రొట్టెలాయన తల అడ్డంగా ఊపాడు. మామూలుగా అయితే అంతటితో సరి. కానీ ఇవాళ మాట్లాడాడు. ఆగి ఆగి, ఊపిరి చూసుకుంటూ.

"చప్పుడు చేసేదానికి ఏం భయం లేదురా. అది బతికుంది. నోరు మూసుకున్నదే కాలిపోయేది. బిగించనని మాటియ్యి. అప్పుడు తీసుకెళ్ళు."

అంత పొడుగు మాట బావ నోట ఎప్పుడు విన్నాడో బావమరిదికి గుర్తు లేదు. వేళాకోళం గొంతులోనే ఆగిపోయింది. "సరే బావా. బిగించను. నీ మీదొట్టు."

"నా మీదొద్దు. బండి మీద వెయ్యి."

ముగ్గురూ నవ్వారు. ఆమె నవ్వుతూనే ఆయన్ని ఒక క్షణం ఎక్కువ చూసింది. ఏదో అడగబోయింది. ఇంతలో తమ్ముడు గేరు వేశాడు. "అక్కా, వస్తా! బావా, నీ కూతుర్ని బాగా చూసుకుంటాలే!" బండి నడవలోంచి వీధిలోకి దిగింది.

రొట్టెలాయన బోర్లించిన ట్రే మీద కూర్చుని గోడకు వీపు ఆనించాడు. ఆమె గేటు దగ్గర నిలబడింది, చేతిలో స్క్రూడ్రైవరు అలాగే ఉంది.

"వినిపిస్తోందా?" అన్నాడు.

"ఆఁ. మలుపు తిరుగుతున్నాడు. గేరు మార్చాడు... వెధవ, కరకరమనిపించాడు."

"ట్యాపెట్లు?"

"కుట్టుమిషనే."

"మంచిది," అన్నాడు. "నీకో సంగతి చెప్పాలి. పని అయ్యాక చెబుదామని..." అన్నాడు.

"చెబుదురుగాని, ఉండండి. పిండిమర దాటుతున్నాడు," అంది ఆమె చెయ్యెత్తి.

నిజానికి పిండిమర దగ్గరే ఆ చప్పుడు పెద్దరోడ్డు రొదలో కలిసిపోయింది. కానీ ఇన్నేళ్ళుగా ఆయనకు చెవి తనే. ఆ చెవి పని ఇంతటితో అయిపోయిందని చెప్పడానికి నోరు రాలేదు. అందుకని గేటు పట్టుకుని చెబుతూనే పోయింది. "వంతెన ఎక్కుతున్నాడు. మెల్లగానే వెళుతున్నాడు లెండి, బుద్ధిగా. టిక్కు టిక్కుమంటూనే ఉంది. ఇప్పుడు దిగుతున్నాడు..."

ఏ వైపు టిక్కుమంటోందని ఆయన అడగలేదు. అడగకుండా ఎప్పుడూ ఉండడు.

ఆమె వెనక్కి తిరిగింది.

తల గోడకు ఆనించి, కళ్ళు సగం మూసుకుని, దూరపు చప్పుడేదో వింటున్నవాడిలా ఉన్నాడు.

"ఏమండీ," అంది మామూలుగా. తరవాత ఆయన చెవులకు అందే గొంతుతో పిలిచింది. తరవాత ఆ గొంతు కూడా దాటి పిలిచింది.

ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. స్క్రూడ్రైవరు మొన ఆయన చొక్కా జేబు కింద మెత్తగా ఆనించి, పిడికి చెవి పెట్టింది. కళ్ళు మూసుకుంది. కొంచెం పక్కకు జరిపింది. ఇంకొంచెం కిందికి జరిపింది. ఎప్పుడూ వెతికినట్టే, తొందరపడకుండా, ఎక్కడో ఒకచోట దొరుకుతుందన్న నమ్మకంతో వెతికింది. వీధిలో ఎవరో ఎవరినో పిలుస్తున్నారు. పై ఇంట్లో కుళాయి కారుతోంది. కర్రపిడిలో మాత్రం ఏ చప్పుడూ లేదు.

తరవాత పై ఇంటివాళ్ళు దిగివచ్చారు. పిండిమర అతనూ, ఎదురింట్లో బట్టలు కుట్టే ఆవిడా వచ్చారు. ఎవరో ఆమెను భుజాలు పట్టి లేవనెత్తారు, ఎవరో ఆయన్ని ఇంట్లోకి మోశారు. ఎవరో బావమరిదికి కబురు పంపారు. నడవ ఖాళీ అయింది.

విరిగిన మూల ట్రే మీద ఆ స్క్రూడ్రైవరు ఉండిపోయింది. దాని కర్రపిడి ఒక వైపు ఆయన చేతి ఇంజను నూనెతో నల్లబడింది, రెండో వైపు ఆమె చెవి దగ్గరి తలనూనెతో అద్దంలా నున్నబడింది.